జపాన్ కారు కింద అప్పలనర్సమ్మ

ప్రశ్నకింత అని సర్కారు పన్ను వేసి ఉంటే అప్పలనర్సమ్మ జీతమంతా దానికే పోయేది. అలాంటి మనిషిని తెచ్చి నా సెక్షన్‌లో పడేశారు. నా పేరు చిన్నారావు. బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో ఫిట్టర్‌ని. బోగీల్ని అటూ ఇటూ లాగే చిన్న డీజిల్ షంటింగ్ ఇంజన్లకు ట్రాన్స్‌మిషన్ బాగుచేసేవాణ్ణి. ట్రాన్స్‌మిషన్ అంటే ఇంజన్ బలాన్ని చక్రాల దాకా చేరవేసే పెట్టె. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఏం చేస్తాం, ముక్కు పెద్దది, దానికి చోటుంది.

అప్పలనర్సమ్మ భర్త పట్టాల గ్యాంగులో పనిచేస్తూ పోయాడు. ఆ లెక్కన ఆమెకు మా దగ్గర ఖలాసీ పని ఇచ్చారు. ఖలాసీ అంటే షెడ్డులో అన్నిటికన్నా కింది మెట్టు. పార్టులు డీజిల్లో కడగడం, మొయ్యడం, ఊడవడం. చీర మీద మగాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కుని, కాళ్ళకు పట్టని బూట్లు వేసుకుని వచ్చింది. వచ్చిన రోజే ఒక పెద్ద గేరు చక్రాన్ని కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"మేస్త్రీ బాబూ, దీనికిన్ని పళ్ళెందుకు? ఏటి నమల్తాది?"

"నా బుర్ర. పని చూసుకో," అన్నాను.

చూసుకుంటుందా? నూనె ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఈ చిల్లు ఎందుకు, చిల్లుకు మళ్ళీ ఈ మూత ఎందుకు. కసిరితే ఊరుకునేది కాదు, నవ్వి ఇంకోటి అడిగేది. "అడగందే అమ్మయినా పెట్టదు గదా బాబూ," అనేది. నేను అమ్మను కాను తల్లీ, నన్నొదిలెయ్ అని దణ్ణం పెట్టేవాణ్ణి. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. చెప్పింది చెప్పినట్టు పట్టేసేది. ఒకసారి వింటే రాతిమీద గీతే.

అలా నేను నేర్పినవాటిలో ఒకటి, బండి కింద ఏదీ వేలాడకూడదన్నది. ఇది రైల్వేలో అందరికీ ఉగ్గుపాలతో పోసే పాఠం. గొట్టం గానీ కడ్డీ గానీ కింద వేలాడిందా, పట్టాలకు తగిలి ఎక్కడో ఓచోట బండిని పడేస్తుంది. వేలాడుతున్నది కంటపడితే అది ఎవరి పని, ఎవరి బండి అని చూడొద్దు, ముందు తీగతో బిగించి కట్టెయ్, తర్వాతే ఎవరికైనా చెప్పు అన్నాను. ఆమె తలూపింది. ఆమె కట్టిన ముడి చూసి నేనే ముచ్చటపడేవాణ్ణి. తీగ కొసలు ఎవరి చేతికీ గీసుకోకుండా లోపలికి మడిచేది.

జీతం బ్యాంకులో వేసుకునేది. చదువు రాదు కాబట్టి కాగితాలు ఎవరో ఒకరు నింపాలి. అక్కడ కోమలగారని ఒక ఆఫీసరు ఉండేవారు. మన తెలుగువాళ్ళే, గుంటూరు వైపు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు పనిచెయ్యదు. చంకలో కర్ర పెట్టుకుని నడుస్తారు. బ్యాంకుకు వచ్చేవాళ్ళంతా ఆ కాలు చూడనట్టు నటిస్తూ చూసేవారు. మన అప్పలనర్సమ్మకు నటనలు రావు కదా. మొదటిరోజే అడిగేసింది.

"అమ్మా, కాలికేటైనాది?"

ఆమెకు తోడొచ్చిన నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం పెన్ను పక్కన పెట్టి, ఏమైందో, అప్పుడు తనకెన్నేళ్ళో, ఎంత జ్వరం వచ్చిందో అంతా చెప్పారు. "అందరూ నా వెనకాల అనుకుంటారు నర్సమ్మా, నువ్వే నన్నడిగావు," అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ ఏదో కుదిరింది.

ఆ కాలి వల్లే ఆవిడకొక కారు ఉండేది. బొంబాయిలో ఎవరో వాడి అమ్మేసిన పాత జపాన్ కారు. అప్పట్లో బిలాస్‌పూర్ మొత్తంలో అలాంటిది నేనింకోటి చూడలేదు. అప్పలనర్సమ్మ బ్యాంకు బయట దాని చుట్టూ తిరిగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూసి, మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

"అమ్మా, నీ కారులో కాలితో తొక్కేవి రెండే ఉన్నాయి. మూడోది ఊడిపోనాదేటి?"

"ఊడలేదు, అసలే లేదు. క్లచ్ తొక్కాలంటే ఎడమకాలు కావాలిగా. ఈ కారుకు క్లచ్ ఉండదు. గేర్లు అదే మార్చుకుంటుంది."

"అదే మార్సుకుంటాదా? దానికెవులు సెప్తారు?"

కోమలగారికి అది తెలియదు. ఇక షెడ్డుకొచ్చి నా ప్రాణం తీసింది. మన షంటింగ్ ఇంజన్ లాగే లోపల నూనె తిరుగుతుంది, ఆ నూనె ఒత్తిడే గేర్లు మారుస్తుంది, డ్రైవరు లివరుతో ముందుకా వెనక్కా అని చెబితే చాలు అని చెప్పాను. "అయితే మన ఇంజనూ ఆ కారూ సుట్టాలే," అని తేల్చింది. కొత్త చుట్టరికం దొరికినంత సంబరపడింది.

విశ్వకర్మ పూజ నాడు మా షెడ్డు గేట్లు అందరికీ తెరుస్తారు. యంత్రాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తాం. ఇంటిల్లిపాదీ వచ్చి ఇంజన్లెక్కి ఫోటోలు దిగుతారు. ఆ ఏడు కోమలగారు కూడా కారేసుకుని వచ్చారు. అప్పలనర్సమ్మ పట్టుబట్టి ఆవిడ చేతే ఆ కారును మా లారీలు కడిగే ర్యాంపు ఎక్కించి, ఆవిడ ఇంజన్లు చూసొచ్చేలోగా పైనా కిందా తానే కడిగింది. పూజారి కారుకూ హారతిచ్చాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పూజ చేసిన బండి మొదట ముందుకే కదలాలి, వెనక్కి పోకూడదంటారు. అందుకని వెనకగేటు తెరిచి అటు నుంచి అటే ఆవిణ్ణి సాగనంపాం.

మర్నాడు పొద్దున రాజ్‌కిశోర్ నగర్‌లో ఇంటి ముందు ఆవిడ కారెక్కి రివర్స్‌లో పెడితే, కారు కదల్లేదు. ఇంజన్ అరుస్తుంది, లివరు R అన్న అక్షరం దగ్గరే ఉంది, బండి మాత్రం ఉలకదు పలకదు. ముందుకు మాత్రం లేడిపిల్లలా పోతుంది.

దిష్టి అన్నారు అందరూ. మా ఆవిడా అదే అంది, అంతమంది మధ్య నిలబెడితే తగలదా మరి అని. సిర్గిట్టిలో లారీలు బాగుచేసే మేస్త్రీ ఒకడు వచ్చి, బానెట్ ఎత్తి చూసి, గేర్ బాక్సు లోపల కాలిపోయిందని, సామాన్లు ఈ దేశంలోనే దొరకవని చెప్పి పోయాడు. కోమలగారి భర్త సత్యనారాయణమూర్తిగారు కరెంటు ఆఫీసులో ఇంజనీరు. నెమ్మదస్తుడు. పాపం, రోజూ పొద్దున్నే ఆయనా పాలవాడూ కలిసి కారును వెనక్కి తోసి రోడ్డు మీద పెట్టేవారు. ఆవిడ ముందుకు మాత్రమే నడుపుకుంటూ వెళ్ళి, ముందుకు మాత్రమే నడుపుకుంటూ వచ్చేవారు.

అలా ఎంతకాలం సాగుతుంది? ఒకరోజు బ్యాంకు ముందు ఎవడో ఒక లారీ అడ్డం నిలబెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి తియ్యాలి, తియ్యలేరు. బ్యాంకున్న సదర్ బజార్ కుర్రాళ్ళంతా పోగై, లోపల ఆవిణ్ణి కూర్చోబెట్టుకునే "మేడమ్ కో ధక్కా మారో" అంటూ, మేడమ్‌ని తొయ్యండ్రోయ్ అని కేకలేస్తూ, ఈలలేస్తూ తోశారు. ఆ సంగతి విన్న మూర్తిగారు ఆ సాయంత్రమే సిర్గిట్టిలో పాత బండ్లు కొని ముక్కలు చేసి అమ్మేవాడితో మాట్లాడేశారు. ఆదివారం పొద్దున వాడొచ్చి కారు పట్టుకుపోతాడు.

శనివారం బ్యాంకులో ఆవిడ ఈ మాట చెప్పారట. "సోమవారం నుంచి ఆయన స్కూటర్ వెనకే నర్సమ్మా. ఈ కారు వచ్చాక ఎక్కడికెళ్ళాలన్నా ఎవరి వీలూ చూసుకోలేదు నేను. ఇకనుంచి ఏ చోటికి వెళ్ళాలన్నా ఆయనకెప్పుడు తీరితే అప్పుడే," అన్నారట. అప్పలనర్సమ్మ నేరుగా నా క్వార్టర్‌కొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"రేపొద్దున నువ్వు రావాల బాబూ."

"నేను రైల్వే ఫిట్టర్‌ని. కార్లు నాకేం తెలుసు? తగుదునమ్మా అని వెళ్ళి అభాసుపాలు కమ్మంటావా?"

"సూత్తే ఏటి పోద్ది? కాలిపోనాదన్నోడు లోపలికి దూరి సూసినాడేటి? పైనించి సూసి సెప్పీసినాడు."

అది నిజమే. ఇంకా నాలుగు తిట్లు తిట్టి, వస్తానన్నాను. నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఆ పెట్టె ఎలా ఉంటుందో చూడాలని లోపల్లోపల దురదగానే ఉంది.

ఆదివారం పెందలాడే టెంపో పట్టుకుని అర్పా నది వంతెన దాటి వెళ్ళాం. మూర్తిగారు మర్యాదగానే లోపలికి పిలిచారు కానీ, "ఎందుకండీ మీకు శ్రమ, వాడు పదింటికి వచ్చేస్తాడు," అన్నారు. కోమలగారు కారు తాళం నా చేతికివ్వకుండా తానే వెళ్ళి సీట్లో కూర్చున్నారు.

ముందు నూనె చూశాను. నూనె మట్టం చూసే చువ్వ తీసి అప్పలనర్సమ్మ చేతికిచ్చాను. ఆమె వేలితో తాకి వాసన చూసింది. మా షెడ్డులో లోపల ఏదైనా కాలితే నూనె నల్లబడి మాడు కంపు కొడుతుంది. ఇదేమో గులాబీ షర్బత్‌లా ఎర్రగా, శుభ్రంగా ఉంది.

"మాడనేదు బాబూ," అంది.

"మరి కాలిపోయిందన్నాడే ఆ వెధవ?"

"ఆడి బుర్ర కాలిపోనాదేమో."

కోమలగారు ఆ రోజు మొదటిసారి నవ్వారు. ఇంజన్ స్టార్ట్ చేయించాను. బ్రేకు తొక్కిపట్టి లివరు మార్చమన్నాను. అప్పలనర్సమ్మ బానెట్ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ముందుకు పోయే D లో పెట్టగానే బండి చిన్నగా ఉలిక్కిపడుతోందని, R లో పెడితే ఆ ఉలుకు లేదని అంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. నిజమే. లోపల గేరు పడితే ఆ మాత్రం కుదుపు రావాలి. మంచి నూనె ఉండి, ముందుకు బలంగా లాగుతూ, వెనక్కి మాత్రం కుదుపైనా లేకపోవడమేమిటి? నా బుర్రకు తట్టలేదు. గడ్డం గోక్కుంటూ నిలబడ్డాను.

ఆమె ఊరుకుంటుందా? కిటికీలోంచి తల దూర్చి లివరు పక్కనున్న అక్షరాలు చూస్తోంది.

"అమ్మా, ఆ మొదటి అచ్చరం దేనికి?"

"అది P. బండి ఆపినప్పుడు అందులో పెట్టాలి. చక్రాలు లోపల్నించి పట్టేసుకుంటాయి. ఎవరు తోసినా కదలదు."

"కదల్దా? తోసి సూద్దుమా?"

నేను కసరబోయాను. రివర్స్ పోయిందంటే ఈ P గొడవేంటి మధ్యలో! కోమలగారు అప్పటికే ఇంజన్ ఆపి, P లో పెట్టి, చేతిబ్రేకు వదిలారు. అప్పలనర్సమ్మ, నేను, మూర్తిగారు ముందు నుంచి ఒక్క తోపు తోశాం.

బండి హాయిగా వెనక్కి దొర్లింది.

"కదలకూడదే!" అని అరిచారు కోమలగారు, బ్రేకు తొక్కి. "P లో ఉంది చూడండి, అసలు కదలకూడదు!"

అప్పుడు వెలిగింది నాకు. స్టేషన్ దగ్గరి సిగ్నల్ కేబిన్‌లో లివరు లాగితే దూరాన సిగ్నల్ చెయ్యి పడాలి. మధ్యలో తీగ ఎక్కడైనా పట్టేసిందనుకోండి, ఇక్కడ లివరు పడే ఉంటుంది, అక్కడ సిగ్నల్ లేచే ఉంటుంది. ఇదీ అంతే. లివరు R దగ్గరికీ P దగ్గరికీ పోతోంది కానీ ఆ మాట పెట్టెకు చేరడం లేదు. పెట్టె ఇంకా ఎటూ కాని N లోనే కూర్చుంది. పుండొకచోట, మందొకచోట. గేర్ బాక్సుకు రోగమే లేదు. లివరుకూ దానికీ మధ్యనున్న కేబులే చూడాలి.

చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, ముందుభాగం జాకీతో లేపి, గట్టి దుంగలు పెట్టాం. నా పొట్టకు ఆ సందు చాలదు. అప్పలనర్సమ్మ కొంగు దోపుకుని కిందికి దూరింది. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"ఏముంది?" అన్నాను.

ఆ కాళ్ళు కదలడం మానేశాయి.

"ఏమే, ఏముందంటే!"

"బాబూ, ఓపాలి ఇలగ రా," అంది సన్నగా. ఆమె గొంతు నేనెప్పుడూ అలా వినలేదు.

నేల మీద పడుకుని, ఊపిరి బిగబట్టి, తల దూర్చి చూశాను. గేర్ బాక్సు దగ్గర ఆ కేబుల్ తయారుచేసినవాళ్ళు కావాలనే వదులుగా, వంపు తిరిగేలా వదిలిపెట్టారు. అది కిందికి జారి వేలాడుతున్నట్టే ఉంటుంది. ఆ వంపును పట్టుకుని ఎవరో పైనున్న కడ్డీకి తీగతో బిగించి కట్టేశారు. లాగినప్పుడు కేబుల్ వస్తోంది, D పడుతోంది. నెట్టినప్పుడు మాత్రం ఆ మెలిక దగ్గర ఆగిపోతోంది. తీగ కొసలు ఎవరి చేతికీ గీసుకోకుండా లోపలికి మడిచి ఉన్నాయి.

ఆ ముడి ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. పూజ నాడు కింద కడుగుతూ చూసి ఉంటుంది. వేలాడుతోంది కదా, కట్టేసింది. నేర్పింది నేనే కదా!

"కత్తిరించెయ్," అన్నాను గుసగుసగా. "కేబుల్ పట్టేసింది, తీశామని చెబుదాం. ఎవరు కట్టారో ఎవడికి తెలుసు? ఆ సిర్గిట్టి మేస్త్రీయే కట్టాడనుకుంటారు, ముందూ వెనకా ఎవరు లెక్కేస్తారు? ఎలాగూ వాడు వెధవే."

"ఆడు కట్టనేదు గదా బాబూ."

"నోరుముయ్యవే. ఆవిడ నీమీద పెట్టుకున్న నమ్మకం పోతుంది."

"పోతే పోనీ. నాను కట్టినాను, నానే సెప్తాను."

తీగ ముట్టుకోకుండానే బయటికొచ్చింది. ముఖం నిండా మసి. కోమలగారి ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం దాచకుండా చెప్పింది. "ఏలాడతంది గదాని కట్టీసినానమ్మా. మంచికే అనుకున్నాను," అంది.

కోమలగారు నవ్వేస్తారని, పోనీలే అంటారని అనుకున్నాను. ఆవిడ ముఖం జేవురించింది.

"నా బండికి తీగ కట్టావా? నన్నొక్క మాట అడిగావా?"

"మంచికేనమ్మా..."

"మంచికే! చిన్నప్పట్నుంచీ అందరూ నాకు మంచే చేస్తున్నారు నర్సమ్మా. అడక్కుండా చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తారు. అడక్కుండా ఎత్తి రిక్షాలో కూర్చోబెడతారు. నువ్వెక్కడికిలే, నీకెందుకులే అని నా బదులు వాళ్ళే చెప్పేస్తారు. నువ్వొక్కదానివే నన్ను అడిగి తెలుసుకునేదానివి. నువ్వు కూడానా?"

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. అప్పలనర్సమ్మ మసిచేతులతోనే ముఖం కప్పుకుని భోరుమంది. "తప్పైపోనాదమ్మా" అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు. మూర్తిగారు మాకోసం టీ గ్లాసులు తెచ్చి, పళ్ళెంతో సహా అక్కడే నిలబడిపోయి ఉన్నారు. ఆయన అప్పలనర్సమ్మను చూడడం లేదు, నేల చూస్తున్నారు. కారు అమ్మేస్తున్నానని భార్యకు చెప్పారే తప్ప, అమ్మనా అని ఆయన ఎప్పుడైనా అడిగారో లేదో నాకు తెలియదు. ఆ ముఖం చూస్తే అడగలేదనే అనిపించింది.

అంతలో గేటు బయట హారన్ మోగింది. పాత బండ్లు కొనేవాడు తాళ్ళూ ఇద్దరు మనుషుల్నీ వేసుకుని మినీలారీలో వచ్చేశాడు. సరిగ్గా గేటుకు అడ్డంగా ఆపాడు.

మూర్తిగారు పళ్ళెం అరుగు మీద పెట్టి, "నేను చెప్పి పంపించేస్తానుండు," అంటూ కదిలారు.

"ఆగండి," అన్నారు కోమలగారు. కళ్ళు తుడుచుకున్నారు. అప్పలనర్సమ్మ వైపు తిరిగి, "ఏడుపాపి ఆ తీగ సంగతి చూడు," అన్నారు.

"తీసీమంటావా అమ్మా?"

"తియ్యి."

మళ్ళీ కిందికి దూరింది. పటకారు చప్పుడైంది. కేబుల్‌ను నేను చెప్పినట్టు సాపు చేసి దాని వంపులో దాన్ని వదిలేసింది. దుంగలు, జాకీ తీశాం. కోమలగారు ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కి, లివరును R దగ్గరికి నెట్టారు. బండి ఒక్కసారి ఉలిక్కిపడింది. "పడ్డాది! పడ్డాది బాబూ!" అని అప్పలనర్సమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నేనూ ఎగిరి గంతేసినంత పని చేశాను, నా వయసుకు తగని పని.

ఇటుకలు తీశాం. కోమలగారు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశారు.

"భయ్యా, జరా గాడీ హటాయియే. ముఝే పీఛే ఆనా హై." బండి పక్కకు తియ్యి, నేను వెనక్కి రావాలి అని.

వాడు తెల్లబోయాడు. "మేడమ్, మైఁ తో యహీ గాడీ లేనే ఆయా హూఁ," అన్నాడు, తనొచ్చిందే ఈ బండి పట్టుకుపోవడానికని. ఆవిడతో పనేముందన్నట్టు మూర్తిగారి వైపు తిరిగి, "సాబ్, బాత్ హో గయీ థీ నా?" అన్నాడు, మాటైపోయింది కదా అని.

మూర్తిగారు భార్య వైపు చూశారు. తర్వాత వాడితో, "ముఝ్‌సే మత్ పూఛో. గాడీ ఉన్‌కీ హై. ఉన్‌సే పూఛో," అన్నారు. నన్నడక్కు, బండి ఆవిడది, ఆవిణ్ణే అడుగు అని.

వాడు కారు దగ్గరికొచ్చి, ఇష్టం లేకపోయినా వంగి, "మేడమ్, బేచ్నా హై?" అంటూ, అమ్ముతారా అని అడిగాడు.

"నహీఁ," అన్నారు కోమలగారు.

మినీలారీ పక్కకు జరిగింది. కారు నెమ్మదిగా, ఎవరూ తొయ్యకుండా, గేటు దాటి వెనక్కి వెళ్ళి రోడ్డెక్కింది. మూర్తిగారు "ఎక్కడికి..." అనబోయి నోరు మూసుకున్నారు. ఆవిడ మా ఎవరి వైపూ చూడకుండా ముందుకు పోనిచ్చారు. మేం ముగ్గురం ఆ గేటు దగ్గరే, చల్లారిన టీలు తాగుతూ నిలబడ్డాం.